విద్యాలయపు వాకిట వ్రాసిన మాట

విద్యాలయమునకు భవనములు, ప్రయోగశాలలు, గ్రంథాలయము ఎంత అవసరమో, అది చెప్పెడి మాట నమ్మదగినదై యుండుటయు అంతే అవసరము. పూర్వము ఆ మాట గుమాస్తా నోటినుండియో, వరండాలో తగిలించిన నోటీసు బోర్డు మీదనుండియో తెలియవచ్చెడిది. బోర్డు ఒక్కటే. దానిపై కాగితము చినిగినచో ఎవరో ఒకరు చూచెడివారు; గడువు దాటిన నోటీసును జవాను తీసివేసెడివాడు. నేడు ఆ బోర్డు వెబ్‌సైటు అను రూపము దాల్చి వందలు, వేలు పుటలుగా విస్తరించినది. గోడ మారినది గాని, జవాను చేసిన ఆ చిన్న పని పెక్కుచోట్ల ఎవరికిని అప్పగింపబడలేదు. విశ్వవిద్యాలయముల వెబ్‌సైట్లను గూర్చిన చిక్కంతయు ఈ అప్పగింపబడని పనియందే ఉన్నది.

ఇది యంత్రములకు, యంత్రజ్ఞులకు సంబంధించిన చిన్న విషయమని తోచవచ్చును. కాని దీనివలన లాభనష్టములు పొందువారు ఎవరో చూచినచో అట్లు తోచదు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై ఎల్.బి. నగరము, హయత్‌నగరు, పెద్ద అంబర్‌పేట దాటిన పిమ్మట అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చును. 2016వ సంవత్సరమున హయత్‌నగరు మండలమునుండి విడివడి ఇది రంగారెడ్డి జిల్లాలో ప్రత్యేక మండలమైనది. సినిమా ప్రియులకు ఈ ప్రాంతము రామోజీ ఫిల్మ్ సిటీ వలన తెలియును. విద్యార్థులకు మాత్రము రహదారికి ఇరువైపులను, లోపలి గ్రామములలోను వెలసిన ఇంజనీరింగు, ఫార్మసీ, మేనేజిమెంటు కళాశాలల వలన తెలియును. ఎల్.బి. నగరమునుండి తూర్పునకును, చౌటుప్పల దిక్కునుండి పడమరకును ఈ కళాశాలలకు వచ్చువారిలో తమ ఇంట కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషి తామే యైనవారు ఎందరో కలరు.

ఇట్టి కళాశాలల స్థితిలో ఒక విశేషము కలదు. పాఠము చెప్పునది ఇచ్చటి కళాశాల. పట్టము నిచ్చునది వేరొకచోట నున్న విశ్వవిద్యాలయము. ఇంజనీరింగు కళాశాలలు సాధారణముగా కూకట్‌పల్లిలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. కూకట్‌పల్లి నగరమునకు వాయవ్యమున ఉన్నది. అబ్దుల్లాపూర్‌మెట్ తూర్పు కొసకు ఆవల ఉన్నది. ఏ విశ్వవిద్యాలయమునందైనను సరే, ఒక ధ్రువపత్రమునకై ఏయే కాగితములు జతపరుపవలెనో తెలియక విద్యార్థి బయలుదేరినాడనుకొందము. అతడు బస్సులో ఎల్.బి. నగరము చేరి, మెట్రో రైలెక్కి, దిల్‌సుఖ్‌నగరు, అమీర్‌పేట మీదుగా నగరమంతయు దాటవలెను. తీరా కిటికీవద్ద నిలిచిన పిమ్మట ఇంకొక కాగితము కావలెనని తెలిసినచో ఆ దినమంతయు వ్యర్థము. వెంట తండ్రి వచ్చినచో ఆయన కూలియు వ్యర్థము. వెబ్‌సైటులో సరియైన నాలుగు పంక్తులు సరియైన చోట ఉన్నచో ఆ ప్రయాణము ఒక్కసారితో ముగిసెడిది. ఒక్కొక్కప్పుడు అసలు అవసరమే లేకపోయెడిది.

కనుక వెబ్‌సైటులోని పుటను అలంకారముగా కాక, ఉద్యోగముగా భావింపవలెను. ప్రతి పుటయు ఒకరి ప్రశ్నకు సమాధానము చెప్పుటకై నియమింపబడిన ఉద్యోగి వంటిది. ఏ ప్రశ్నకును సమాధానము చెప్పని పుట, పని లేక జీతము పుచ్చుకొను ఉద్యోగితో సమానము.

2010వ సంవత్సరమున అమెరికా వ్యంగ్య చిత్రకారుడు రాండల్ మన్రో ఈ విషయమునే ఒక చిన్న బొమ్మలో చూపెను. రెండు వలయములు గీచి, ఒకదానిలో విశ్వవిద్యాలయములు తమ మొదటి పుటపై ఉంచు వస్తువులను వ్రాసెను: ఆవరణపు ఛాయాచిత్రములు, అధ్యక్షుని లేఖ, ఆశయ ప్రకటనము, పూర్వవిద్యార్థుల వార్తలు. రెండవదానిలో అచ్చటికి వచ్చువారు వెదకు వస్తువులను వ్రాసెను: దరఖాస్తు ఫారములు, విద్యాసంవత్సరపు క్యాలెండరు, అధ్యాపకుల టెలిఫోను నెంబర్లు, ఉపయోగపడు పటము. ఆ రెండు వలయములును కలిసినచోట ఆయనకు దొరకినది ఒక్కటే, విద్యాలయము పూర్తి పేరు! ఆ బొమ్మను చూచి లోకమంతట అధ్యాపకులు నవ్వుకొనిరి. అది అమెరికాకు మాత్రమే చెల్లినచో మనకు నవ్వు వచ్చియుండెడిది కాదు.

ఈ వైపరీత్యమునకు కారణము అజ్ఞానము కాదు, సోమరితనమును కాదు. విశ్వవిద్యాలయమున ప్రవేశముల శాఖ, పరీక్షల శాఖ, వసతిగృహముల శాఖ, గ్రంథాలయము వేర్వేరుగా పని చేయును. ప్రతి శాఖయు తనకు తెలిసినది తన గదిలో ఉంచును. వెబ్‌సైటు కూడ అదే నమూనాలో తయారగును. కాని విద్యార్థికి శాఖలతో పని లేదు. “నాకు ఉపకారవేతనము వచ్చునా? ఎప్పటిలోగా దరఖాస్తు చేయవలెను? తప్పిన పరీక్ష మరల ఎప్పుడు?” అనునవి అతని ప్రశ్నలు. ఒక్క ప్రశ్నకు సమాధానము మూడు శాఖల పుటలలో మూడు ముక్కలుగా చెదరియున్నచో, ప్రతి ముక్కయు నిజమే యైనను మొత్తము మీద అతనికి దక్కినది శూన్యము.

వ్రాయుటకు ముందు ఆలోచింపవలెననుట తెలుగువారికి క్రొత్త పాఠము కాదు. 1906లో ఈ హైదరాబాదు నగరముననే విజ్ఞానచంద్రికామండలి వెలసినది. దాని సారథి కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు దొరకిన వ్రాతప్రతి నెల్ల అచ్చువేయ పూనుకొనలేదు. తెలుగు పాఠకునకు ఏ విషయములు తెలియవలెను, వానిలో ఏవి ఇంకను తెలుగున లేవు, ఎవరిచేత వ్రాయింపవలెనని ముందుగా ఆలోచించి చరిత్రలు, జీవితచరిత్రలు, శాస్త్రగ్రంథములు వెలువరింపజేసిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర ఆ మండలి ప్రచురణములలో మొదటిది. లక్ష్మణరావు గారు పిమ్మట చేపట్టిన విజ్ఞానసర్వస్వము 1923లో ఆయన మరణించునాటికి పూర్తి కాలేదు. పూర్తి కాకపోయినను, విషయమును పాఠకుని అవసరము ననుసరించి అమర్చవలెనను ఆ పద్ధతి నిలిచియున్నది.

అంతకంటె దగ్గరి ఉదాహరణము విశ్వవిద్యాలయపు గడపలోనే కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. పాఠములు మొదలుపెట్టుటకు ముందే, 1917లో, అనువాద విభాగమును నెలకొల్పిరి. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి సారథి. గణితము, రసాయనము, న్యాయము, వైద్యము మున్నగు శాస్త్రములలో వందలకొలది గ్రంథములు అచ్చటినుండి వెలువడినవి. పారిభాషిక పదములను నిర్ణయించుటకు ప్రత్యేక సంఘములు ఉండెడివి. వానిలో శాస్త్రము తెలిసినవారును, భాష తెలిసినవారును కలిసి కూర్చుండి ఒక్కొక్క మాటను తేల్చెడివారు. నిజాము రాజ్యమున అన్ని భాషలకంటె ఎక్కువమంది మాట్లాడెడి తెలుగునకు ఆ భాగ్యము దక్కలేదనునది న్యాయమైన విమర్శ. కాని పద్ధతి మాత్రము మెచ్చదగినదే. పుస్తకము లేక పాఠము లేదు, పదము లేక పుస్తకము లేదు, ఇద్దరు కలిసి ఒప్పుకొనక పదము లేదు అను క్రమము అందులో కలదు.

నేటి విశ్వవిద్యాలయములు తమ వెబ్‌సైట్ల విషయమున ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నవి. మొదట రంగులు, కదలెడి బొమ్మలు నిర్ణయమగును. పిమ్మట గుత్తేదారునకు పని అప్పగింపబడును. విషయమును పంపుడని శాఖలకు సర్క్యులర్ పోవుట చిట్టచివరి పని. ఇల్లు కట్టిన తరువాత కాపురమున్న వారెందరని అడిగినట్లున్నది.

చేయవలసిన పని కష్టమైనది కాదు, ఓపికతో కూడినది. మొదట ఉన్న పుటల జాబితా వ్రాయవలెను. ప్రతి పుటకు ఎదురుగా మూడు ప్రశ్నలు వేయవలెను: దీనిని ఎవరు చదువుదురు? చదివి ఏమి చేయుదురు? ఇది తప్పైనచో సరిదిద్దువారెవరు? మూడవ ప్రశ్నకు “వెబ్‌సైటు విభాగము” అనునది సమాధానము కాజాలదు. కంప్యూటరు తెలిసినవాడు పుటను నిలుపగలడు గాని, పరీక్ష ఫీజు గడువు మారినదో లేదో అతనికి తెలియదు. ఆ సంగతి పరీక్షల శాఖకే తెలియును. కనుక పుటకు యజమాని పరీక్షల శాఖలోని ఫలానా పదవిలోని అధికారి కావలెను. మనిషి బదిలీయైనను పదవి నిలుచును గదా!

రెండవది తేదీ. పుట ఎప్పుడు వ్రాయబడినది, ఎప్పుడు మరల పరిశీలింపబడినది అను రెండు తేదీలు పుటపై కనిపించవలెను. తేదీ లేని నోటీసు సాక్షి లేని దస్తావేజు వంటిది. గుర్తింపు, స్వయంప్రతిపత్తి, న్యాక్ శ్రేణి వంటివి నిర్ణీత కాలమునకే చెల్లునవి. కాలము చెప్పక శ్రేణిని మాత్రము పెద్ద అక్షరములతో ప్రకటించుట అబద్ధము కాకపోవచ్చును. నిజమును మాత్రము కాదు.

మూడవది తొలగింపు. వ్రాయుటకు ఉన్న ఉత్సాహము తుడుచుటకు ఉండదు. మూడేండ్ల క్రిందటి ప్రవేశ ప్రకటన నేటి ప్రకటన ప్రక్కనే మెరయుచున్నచో, క్రొత్తగా వచ్చిన పిల్లవానికి ఏది ఏదో ఎట్లు తెలియును? అట్లని పాతదానిని పూర్తిగా రూపుమాపుటయు తగదు. అది సంస్థ చరిత్ర. పాత విద్యార్థికి తన నాటి పాఠ్యప్రణాళిక, ఉద్యోగమునకో పై చదువునకో, ఎన్నటికైన కావలసివచ్చును. పాతదానిని “పాతది” అని స్పష్టముగా వ్రాసి భద్రపరచు గది వేరుగా నుండవలెను.

దీనితో ముడిపడినదే చిరునామా. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే, ఒక పుటకు ఒకసారి ఇచ్చిన చిరునామాను మార్చరాదని గట్టిగా వాదించుచు వ్యాసము వ్రాసెను. మన రాష్ట్రమున ఈ హితవునకు ప్రత్యేకమైన ప్రయోజనము కలదు. 2008లో సాంకేతిక విశ్వవిద్యాలయము విభజింపబడినది. 2014లో రాష్ట్రమే విడివడినది. 2024లో రాష్ట్రపు సంకేతాక్షరములు టి.ఎస్. నుండి టి.జి.గా మారినవి, ఎంసెట్ అని తరతరములు పిలిచిన పరీక్ష తెలంగాణమున ఆ ఏడే ఈఏపీసెట్ అయినది. పేర్లు మారుట ప్రభుత్వముల ఇచ్ఛ. పాత పేరుతో వెదకుచు వచ్చిన వానిని క్రొత్త తలుపువద్దకు చేయిపట్టి నడిపించుట మాత్రము సంస్థల ధర్మము.

ఇవన్నియు ఎవరో ఊహించిన ఆదర్శములు కావు. చట్టమునందును, నియమములయందును ఇప్పటికే ఉన్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ప్రకారము ప్రభుత్వ సంస్థలు ఎవరును అడుగకముందే తమ విధులు, అధికారులు, నియమములు మున్నగు 17 రకముల విషయములను ప్రకటించి, ప్రతి సంవత్సరము సవరింపవలెను. ఆ సెక్షనే స్థానిక భాషను దృష్టియందుంచుకొనవలెననియు చెప్పుచున్నది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కొరకు 2009లో మొదట వెలువడి, తరువాత సవరింపబడిన కేంద్ర మార్గదర్శకములు విషయమును ఎవరు అందించవలెను, ఎవరు ఆమోదింపవలెను, ఎప్పుడు పరిశీలింపవలెను, ఎప్పుడు భద్రపరుపవలెను అనుదానికి వ్రాతపూర్వకమైన విధానము ఉండవలెనని కోరుచున్నవి. కొరత నియమములలో లేదు. వానిని ఒక మనిషి దినచర్యగా మార్చుటలో ఉన్నది.

ఇక భాష సంగతి. తెలుగునాట విశ్వవిద్యాలయముల వెబ్‌సైట్లలో తెలుగు సాధారణముగా పేరు వ్రాసిన పలకకును, గీతమునకును, మహనీయుల జయంతి శుభాకాంక్షలకును పరిమితము. ఫీజు, గడువు, ఫిర్యాదు, ఉపకారవేతనము అనునవి ఇంగ్లీషులోనే ఉండును. ఇంజనీరింగు చదువబోవు పిల్లవానికి ఇంగ్లీషు రావలెను గదా యని కొందరందురు. పిల్లవానికి వచ్చును, ఫీజు కట్టు తండ్రికి రాకపోవచ్చును. ర్యాగింగును గూర్చి ఎవరికి చెప్పవలెనో వెదకు తల్లికి రాకపోవచ్చును. వెబ్‌సైటంతయు తెలుగులోనికి మార్చుమని ఎవరును కోరుటలేదు. ఇంటివారు నిర్ణయము తీసికొనవలసిన పుటలు, అనగా ప్రవేశము, ఫీజు, ఉపకారవేతనము, వసతి, రక్షణ, ఫిర్యాదు, ఈ ఆరింటినైనను తెలుగున ఉంచుట కనీస మర్యాద.

తెలుగున ఉంచుట యన్నప్పుడు అక్షరముగా ఉంచుటయని గ్రహింపవలెను. 1991లోనే యూనికోడ్ ప్రమాణమున తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను తెలుగు ప్రకటనను అచ్చువేసి, ముద్రకొట్టి, ఛాయాచిత్రము తీసి పుటపై అతికించు అలవాటు పోలేదు. అట్టి చిత్రములోని అక్షరమును వెదకు యంత్రము సులభముగా పట్టుకొనలేదు. చూపు లేని విద్యార్థికి చదివి వినిపించు సాధనము చదువజాలదు. చిన్న సెల్‌ఫోనులో వ్రేళ్లతో సాగదీసి చూడవలెను. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. అంధుడైన విద్యార్థికి ప్రవేశమున రిజర్వేషను ఇచ్చి, ఆ సంగతి తెలుపు ప్రకటనను అతడు చదువలేనట్లు ప్రచురించుట, పెండ్లికి పిలిచి తలుపు గడియ వేయుటయే.

ఇందుకు మనుషులెక్కడ, డబ్బెక్కడ యని విశ్వవిద్యాలయములు అడుగవచ్చును. అధ్యాపకుల ఖాళీలే నిండని చోట ఈ ప్రశ్న సహేతుకమైనది. కాని ఇందు కావలసినది అధిక ధనము కాదు. వేయి పుటలను నూటికి తగ్గించుటకు వ్యయము కాదు, పొదుపు కలుగును. తప్పు సమాచారము వలన కిటికీవద్ద పెరుగు వరుసలకును, మ్రోగు టెలిఫోన్లకును, మరల మరల ఇచ్చు సమాధానములకును పట్టు కాలమును ఎవరును లెక్కకట్టుటలేదు గనుక అది ఉచితమని భ్రమ కలుగుచున్నది. ఇంకొకరు, పోటీ కాలమున ప్రకటనలు, ఛాయాచిత్రములు లేక విద్యార్థులు రారందురు. దోస్త్ ద్వారా 2016 నుండి డిగ్రీ ప్రవేశములును, కౌన్సెలింగు ద్వారా ఇంజనీరింగు ప్రవేశములును కంప్యూటరు ముందే జరుగుచున్నవి. కళాశాలను కంటితో చూడకయే ఎంచుకొనువారు అనేకులు. నిజమే, వారిని ఆకర్షింపవలెను. కాని చూడనివాడు నమ్మునది మాటను. వానికి పచ్చిక బయలు బొమ్మ చూపి ఫీజు వివరము దాచుట విద్యాసంస్థకు తగిన వ్యాపారము కాదు, వ్యాపారికైనను తగదు.

ఈ విషయమున పాఠశాలల పాత్ర చిన్నది కాదు. పదవ తరగతి, ఇంటర్మీడియటు విద్యార్థులను ఉపాధ్యాయులు ఒకనాడు ఏదైన విశ్వవిద్యాలయపు వెబ్‌సైటు ముందు కూర్చుండబెట్టి అయిదు ప్రశ్నలకు సమాధానము వెదకుమనవచ్చును: ఈ కళాశాల ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధము? గుర్తింపు ఏ సంవత్సరము వరకు? మొత్తము ఫీజు ఎంత? ఫిర్యాదు ఎవరికి? ఈ పుట వ్రాసిన తేదీ ఏది? పుటలో చెప్పినది విశ్వవిద్యాలయపు జాబితాతో సరిపోవుచున్నదో లేదో పోల్చిచూడుట ఆరవ పని. నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించుచుండుట, అందమైన పుట వెనుక ఏమియు ఉండకపోవచ్చునను హెచ్చరికయే. ఈ అభ్యాసమువలన పిల్లలకు ప్రకటనను చదువుటకును, ప్రమాణమును వెదకుటకును గల భేదము తెలియును. పాఠశాల గోడపత్రికకు సంపాదకుడైన బాలుడు ప్రతి వారము పాతదానిని తీసి, క్రొత్తదానికి తేదీ వేసి, వ్రాసినవారి పేరు చేర్చుట నేర్చుకొన్నచో, రేపు ఏ రిజిస్ట్రారు కార్యాలయమున కూర్చున్నను ఆ అలవాటు వానిని విడువదు.

విశ్వవిద్యాలయము సత్యమును వెదకు స్థలమని చెప్పుకొనును. ఆ సత్యము ప్రయోగశాలలోనే గాక ఫీజు గడువు వ్రాసిన పంక్తిలో కూడ ఉండవలెను. పరిశోధనా పత్రమున ఒక్క అంకె తప్పినచో సరిదిద్దుకొను పండితుడు, తన శాఖ పుటలో అయిదేండ్లుగా నిలిచిన తప్పును చూచి ఊరకుండుట సమంజసము కాదు. ఆ పత్రమును చదువువారు కొందరే. ఆ పుటను నమ్మి బస్సెక్కువారు వేలమంది.